ముందు కాయలు, తర్వాత పువ్వులు

మా ఆవిడ జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం, నాలుగు కావస్తుండగా, ఇంట్లోనే పోయింది. వయసు యాభై ఎనిమిది. పదకొండు నెలలుగా జబ్బు. డాక్టర్లు ముందే చెప్పారు కాబట్టి హఠాత్తుగా జరిగిందని అనలేను.

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. ఏడింటికి మెలకువ వచ్చింది. అర కప్పు టీ తాగింది. ఇక్కడ జూన్ అంటే చలికాలం. బయట మంచు గట్టిగా పట్టిందా అని అడిగింది. పట్టిందన్నాను. అయితే ఎండ వచ్చేదాకా గడ్డి తొక్కవద్దని, తొక్కిన చోటల్లా నల్లబడుతుందని చెప్పింది. పదింటికి నర్సు వచ్చి మందు మార్చి వెళ్ళింది. మా అమ్మాయి వాళ్ళమ్మకు తల దువ్వి జడ వేసింది. జడ అనేంత జుట్టు లేదు. పదకొండింటికి కిటికీ తెర పూర్తిగా తియ్యమంది. మంచం కిటికీ పక్కకే జరిపి ఉంచాం. అక్కణ్ణించి పెరడంతా కనిపిస్తుంది. కాసేపు చూసి, "ఏవండీ, ఆ స్నోబెర్రీ పొద పక్కకి వొరిగిపోయింది. కర్ర కట్టండి" అంది. కడతానన్నాను. నాతో అన్న ఆఖరి మాట అదే. రెండింటి నుంచి నిద్ర. నాలుగు కావస్తుండగా ఊపిరి ఆగింది. అమ్మాయీ నేనూ చెరో చెయ్యి పట్టుకుని ఉన్నాం. అంతే.

చీకటి పడకముందే వెళ్ళి స్నోబెర్రీకి కర్ర కట్టి వచ్చాను. ఆ తర్వాత ఐదు వారాలు ఆ పెరట్లో నేను ఒక్క కొమ్మ కూడా కొయ్యలేదు. కొయ్యాల్సిన పని ఉంది. ఎదురుచూస్తున్న మనిషి కూడా ఉంది. అయినా కొయ్యలేదు. ఎందుకో చెప్పాలంటే ఆ పెరటితో మా ఆవిడ ఏం చేసేదో ముందు చెప్పాలి.

మాది గోదావరి జిల్లా. ఈ దేశం వచ్చిన కొత్తలో క్రైస్ట్‌చర్చ్‌లో, రిక్కార్టన్‌లో, ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. భూకంపం వచ్చిన మరుసటి ఏడాది డునెడిన్ వచ్చేశాం. నాకు యూనివర్సిటీలో బాయిలర్లు చూసుకునే ఉద్యోగం, ఆమెకు ఆస్పత్రి ల్యాబ్‌లో. కొండవాలు మీద పాత చెక్క ఇల్లు ఒకటి కొన్నాం. ఇంటికంటే పెరడు పెద్దది. ముందున్నవాళ్ళు వేసిన మొక్కల్లో మాకు పేరు తెలిసినవి గులాబీలు మాత్రమే.

పక్కింట్లో ఎనభై దాటిన, ఇక్కడే పుట్టి పెరిగిన కీవీ పెద్దావిడ ఒక్కరే ఉండేవారు. మా ఆవిడ ఆమెను మొదటి రోజే ఆంటీ అని పిలిచింది. ఇక్కడివాళ్ళు పక్కింటివాళ్ళను అలా పిలవరు. ఆవిడ ఆ పిలుపు బాగుందన్నారు. ఆ తర్వాత నాకూ ఆంటీయే అయ్యారు.

మొదటి చలికాలంలో ఒక రోజు ఆంటీ మా ఆవిడను తమ తోటల క్లబ్బుకు రమ్మన్నారు. చర్చి హాల్లో ఏటా ఒక చలికాలపు సమావేశం పెట్టుకుంటారు. ఎవరి పెరట్లో పూసింది వాళ్ళు తేవాలి, అందరూ కలిసి అక్కడే కూజాల్లో అమర్చాలి. ఆంటీ కమేలియా చెట్టు కొమ్మలు కంచె దాటి మా వైపు వాలి ఉండేవి. మీ వైపు పూసినవి మీవే, కోసుకోండి అన్నారు.

మా ఆవిడ తెల్లవారుజామునే లేచి తలస్నానం చేసింది. మన ఇళ్ళల్లో పువ్వు ఎలా కోస్తారో అలా కోసింది. తొడిమ దగ్గర గిల్లి, ఒక్కొక్కటే, రేకు నలక్కుండా. పెద్ద స్టీలు పళ్ళెం నిండింది. నీళ్ళు చల్లి, తడిబట్ట కప్పి, ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. నేను దించి వచ్చేద్దామనుకుని, ఎలా మెచ్చుకుంటారో చూద్దామని ఆగాను.

హాల్లో పది పన్నెండు మంది ఆడవాళ్ళు. అందరి ముందూ బకెట్లు, బకెట్ల నిండా చేతి పొడవు కొమ్మలు. మా ఆవిడ బల్ల మీద పళ్ళెం పెట్టి తడిబట్ట తీసింది. ఒకావిడ మర్యాదగా, ఇవి తినేవా అని అడిగింది. ఆంటీ వచ్చి కళ్ళద్దాలు సవరించుకుని చూశారు.

"చాలా బాగున్నాయి. వీటి కాళ్ళేవి?" అన్నారు.

మా ఇద్దరికీ అప్పుడు వెలిగింది. కూజాలో నిలబడాలంటే కాడ ఉండాలి. ఆమె చేతికి తెలిసిన పువ్వు దండలోకి, తలలోకి, దేవుడి పటం దగ్గరికి వెళ్ళేదే. దానికి కాడతో పని లేదు. ఆంటీ హాలు వంటగదిలోంచి మాంసం కాల్చే వెడల్పు ట్రే తెచ్చి, నీళ్ళు పోసి, పువ్వులన్నీ అందులో తేలేసి బల్ల మధ్యలో పెట్టారు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ కారులో మా ఆవిడ ఖాళీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తడిబట్ట మడతలు పెడుతూ కూర్చుంది. మూడో ట్రాఫిక్ లైటు దగ్గర నవ్వు మొదలుపెట్టింది. "అన్ని బకెట్ల మధ్య కుంటి పూలు పట్టుకెళ్ళింది నేనొక్కదాన్నేనండీ" అని, ఇల్లు వచ్చేదాకా నవ్వింది.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగాక ఆంటీ ఇంటికి వెళ్ళింది. నేర్పమని అడిగింది. అలా నాలుగేళ్ళు వెళ్ళింది.

అక్కడ ఏం నేర్చుకుందో నాకు వంటగదిలోంచి తెలిసేది. డునెడిన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా చలి. చూడ్డానికి పెరట్లో ఏమీ ఉండదు. ఏమీ లేదనుకునేది నేను. ఆమె వెళ్ళి బకెట్ నింపుకొచ్చేది. మొండి గులాబీ కొమ్మల మీద మిగిలిన ఎర్ర కాయలు, స్నోబెర్రీ తెల్ల కాయలు, కంచె పక్క ముళ్ళపొద మీద గుత్తులు గుత్తులుగా కాసే నారింజ రంగు కాయలు. వాటితో పాటు తల వంచుకుని పూసే హెలిబోర్లు, జులై చివరికి డాఫ్నీ. డాఫ్నీ ఒక్క రెమ్మ చాలు, ఇల్లంతా వాసన.

కోసిన రోజే అమర్చేది కాదు. శనివారం ఎండ వచ్చి మంచు కరిగాక కోసి, మెడ దాకా నీళ్ళల్లో ఉంచి, బట్టలుతికే గదిలో చీకట్లో పెట్టేది. గట్టి కొమ్మల చివర నిలువునా చీల్చేది. హెలిబోర్ కాడకు సూదితో పొడుగునా ఒక గీత గీసేది. అలా గీయకపోతే అది కూజాలో గంటకే తల వేలేస్తుంది. ఆదివారం పొద్దున అమర్చేది. కూజా అంటే మా అత్తగారిచ్చిన ఇత్తడి చెంబు. అందులో కోళ్ళగూటికి కొట్టే ఇనుప వల ముక్కను ఉండ చుట్టి కూరేది. కొమ్మలు అందులో ఎటు గుచ్చితే అటు నిలబడేవి.

"ముందు కాయలు, తర్వాత పువ్వులు" అనేది. కాయల కొమ్మ ఎటు వంగితే మొత్తం అటు నడుస్తుందట. పువ్వు చివర, అదీ తక్కువ. నేను ఒకసారి ఇంకో నాలుగు పెట్టొచ్చుగా అన్నాను. "నిండా కుక్కితే సంతలో బుట్టలా ఉంటుంది. కొంచెం ఖాళీ ఉండనివ్వండి, ఖాళీ కూడా చూడ్డానికే" అంది. లెక్క చూసుకుని చేసే ఉద్యోగం నాది. ఖాళీని కూడా చూడ్డం నాకు చేతకాలేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ ఆ చెంబు వైపు చూడ్డం అలవాటైంది.

ఆమెకు గట్టి పోటీ నల్లపిట్టలు. కాయలు పండిన వారంలో వచ్చి ఊడ్చుకుపోయేవి. వల కొందామన్నాను. వల్లో పిట్టల కాళ్ళు చిక్కుకుంటాయని ఒప్పుకోలేదు. పెట్టెలోంచి రెండు పాత వాయిల్ చీరలు తీసి ముళ్ళపొద మీద కప్పి, బట్టల క్లిప్పులు పెట్టింది. వీధిలోకి కనిపించేది. ఉత్తరాలు పంచే అతను ఆగి, ఇంట్లో పెళ్ళా అని అడిగాడు. పొదకే పెళ్ళి అని చెప్పింది. సగం పొద కప్పి సగం వదిలేసేది. పిట్టలకూ చలికాలమే కదా అనేది.

మూడేళ్ళ కిందట ఆంటీ ఇల్లు అమ్మి, ఊళ్ళోనే వృద్ధుల హోమ్‌కు మారారు. చూపు దాదాపు పోయింది. మారిన వారం మా ఆవిడ చెంబు పట్టుకెళ్ళింది. ఆంటీ చెంబు చుట్టూ చేతులతో తడిమి, కాయలు వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఒక్కొక్క దాని పేరు చెప్పారట. తప్పు లేకుండా. హెలిబోర్ రెండు రోజులు ముందే కోశావన్నారట. అది మొదలు చలికాలంలో ప్రతి ఆదివారం పదకొండింటికి చెంబు వెళ్ళేది. పోయిన వారం చెంబు తిరిగి వచ్చేది. రెండో చెంబు అందుకే కొన్నాం. వాన పడ్డా, ఒకసారి రోడ్డు మీద మంచు గడ్డకట్టి బస్సులు ఆగిపోయినా నడిచి వెళ్ళింది. నువ్వు వెళ్ళకపోతే ఏమవుతుంది అన్నాను.

"ఏమీ అవదు. ఆవిడ కిటికీ అవతల ఇప్పుడేం పూసిందో ఆవిడకి చెప్పేవాళ్ళు ఉండరు, అంతే" అంది.

ఇక నేను చేసిన పని. నిరుడు అక్టోబరులో ఆమె పదిరోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంటికి వచ్చేసరికి పెరడు శుభ్రంగా కనపడాలనుకున్నాను. ముళ్ళపొద ఎటుపడితే అటు పెరిగి ఉంది. రెండు పూటలు కూర్చుని నాలుగు వైపులా సమంగా, గోడలా కత్తిరించాను. చేతులు గీరుకుపోయాయి. బాగా చేశాననే అనుకున్నాను. ఆమె వచ్చి, కోటు విప్పకుండానే కిటికీ దగ్గర నిలబడింది. చాలాసేపు చూసింది.

"చక్కగా క్షవరం చేశారు. పూత కూడా పోయింది. వచ్చే చలికాలం కాయల్లేవు" అని నవ్వింది.

పాత కొమ్మల మీదే పూస్తుందని, ఇక్కడి వసంతంలో, అంటే అక్టోబరులో, పూత కోస్తే చలికాలంలో కాయ ఉండదని నాకు తెలియదు. మామిడి చెట్టుకైతే తెలుసు. ముళ్ళపొదకు అనుకోలేదు. వచ్చే చలికాలం ఆమెకు ఉంటుందో లేదో అప్పటికే ఇద్దరికీ అనుమానమే. ఆ మాట ఇద్దరం అనలేదు.

ఈ మే నెలాఖరులో ఆమె ఆఖరుసారి చెంబు అమర్చింది. కుర్చీలో కూర్చునే. నేను కొమ్మలు అందించాను. ముళ్ళపొద ఆకుపచ్చగా ఖాళీగా ఉంది. స్నోబెర్రీ కోసి ఇచ్చాను. ఎర్రది లేకపోతే తెల్లది ఉందిగా అంది. గులాబీ కాయలు మూడు గుచ్చింది. ఆ ఆదివారం నేనే తీసుకెళ్ళి గుమ్మంలో నర్సుకిచ్చి వచ్చేశాను.

ఆమె పోయాక పెరడు ఆమె వదిలినట్టే ఉండాలనిపించింది. నేను ముట్టుకుంటే ఏదో ఒకటి పాడవుతుందన్న భయం ఉంది. ఒకసారి పాడు చేశాను కూడా. ఐదు ఆదివారాలు గడిచాయి. మొదటి రెండు ఆదివారాలు మా అమ్మాయి ఇక్కడే ఉంది. తర్వాత ఆక్లండ్ వెళ్ళిపోయింది. హెండర్సన్‌లో దాని ఉద్యోగం. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది, నాతో మాత్రం తెలుగు కూడగట్టుకుంటుంది. పోయిన వారం ఫోన్ చేసింది.

"నాన్నా, హోమ్ నుంచి ఆంటీ రింగ్ చేశారు. సండేస్ స్టాప్ అయిపోయాయా అని అడిగారు. ఏం చెప్పను?"

కొంచెం టైం కావాలని చెప్పమన్నాను.

"టైం ఎవరికి నాన్నా? ఆవిడకి నైంటీ."

అది వాళ్ళమ్మ గొంతుతోనే అంది. నిన్న గురువారం సెలవు పెట్టి హోమ్‌కు వెళ్ళాను. చేతిలో ఏమీ లేదు.

ఆంటీ కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. నా పేరు చెప్పగానే చెయ్యి చాపారు. అరచెయ్యి పైకి. ఏం పెట్టాలో తెలియక నా చెయ్యి పెట్టాను.

"చల్లగా ఉంది. ఖాళీగా కూడా ఉంది" అన్నారు.

నేను చెప్పాను. కత్తెర పట్టాలంటే భయంగా ఉందని, ముళ్ళపొద సంగతీ, ఆఖరు చలికాలం ఆమెకు ఆ కాయలు లేకుండా చేశాననీ. ఇవి నేను అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. ఆంటీ విని, తమ ఆయన సంగతి చెప్పారు. ఆయన ఒక ఏడాది కమేలియా వెలుతురుకు అడ్డమని మోకాలి ఎత్తుకు నరికేశాడట. ఈవిడ పదకొండు రోజులు ఆయనతో మాట్లాడలేదట.

"తర్వాత?" అన్నాను.

"మూడో ఏట పూసింది. మీ ఆవిడ పళ్ళెం నిండా కోసుకొచ్చింది ఆ చెట్టు పూలే. ఈ కథ ఆమెకూ చెప్పాను. నువ్వు పొద నరికిన వారం వచ్చింది. నీ మీద చాలా కోపంగా వచ్చింది."

కోపమా అన్నాను. ఇంట్లో నవ్విందని చెప్పాను.

"ఇక్కడ ఏడ్చింది. అరగంట నిన్ను తిట్టింది, నాకు అర్థం కాకుండా మీ భాషలో. అప్పుడు కమేలియా కథ చెప్పాను. నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళింది. అదీ మంచి పొదే, తట్టుకుంటుంది అంది. నీ గురించి కూడా అదే అంది."

ఆమె నన్ను క్షమించిందో లేదో అని తొమ్మిది నెలలుగా లోపల ఒక మూల అనుకుంటూనే ఉన్నాను. కోపం వచ్చిందని తెలియడం విచిత్రంగా తేలికగా అనిపించింది. కోపం వచ్చి, పోయింది. ఇంట్లో చూసిన నవ్వు నన్ను ఓదార్చడానికి కాబోలు. ఆ తర్వాతి నెలల్లో చూసిన నవ్వులు నిజమైనవే.

"ఇప్పుడు ఏం పూశాయి?" అని ఆంటీ అడిగారు.

తెలియదన్నాను. ఐదు వారాలుగా చూడలేదు.

"చూడు. నాకు ఆదివారం ఎక్కడికీ వెళ్ళే పని లేదు" అన్నారు.

ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం ఇంటికి త్వరగా వచ్చి, బూట్లు వేసుకుని పెరట్లోకి వెళ్ళాను. ఆమె వదిలినట్టు ఏదీ లేదు. గులాబీ కాయలు పిట్టలు ఊడ్చేశాయి. స్నోబెర్రీ కాయలు గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డాయి. హెలిబోర్లు పూసి, సగం నేలకు వాలి, వాటి మధ్య కొత్త మొగ్గలు లేచాయి. డాఫ్నీ మొగ్గలు గులాబీ రంగు తిరిగాయి, ఇంకో పది రోజులు పట్టవచ్చు. నేను ముట్టుకోకపోయినా పెరడు ఆగలేదు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది.

ముళ్ళపొద దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. నేను గోడలా కోసిన చోట నుంచి నిరుడు వేసిన కొత్త రెమ్మలు మూరెడు పొడవు పెరిగి, గట్టిపడి ఉన్నాయి. లెక్క ప్రకారం ఈ వసంతంలో వాటి మీద పూత రావాలి. కొయ్యకుండా ఉంటే చాలు. అది నాకు చేతనవుతుంది.

తిరిగి వస్తూ షెడ్డు వెనక్కి వెళ్ళాను. ఏదో వాసన వచ్చి వెళ్ళాను. ఆ వెనక ఎత్తు గోడకు ఆనుకుని ఒక మొక్క ఉంది, నా ఎత్తు. ఆకు ఒక్కటీ లేదు. మోడు కొమ్మల నిండా చిన్న చిన్న పసుపు పూలు, మైనంతో చేసినట్టు, లోపల ముదురు ఎరుపు. మొదలు దగ్గర వేసిన మట్టి కుప్ప చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. రాళ్ళు అలా పేర్చేది మా ఆవిడే. ఇది ఏటా పూసేదేమో. ఎప్పుడైనా చెంబులో వచ్చి ఉంటుందేమో, నేను అన్నం తింటూ చూసే ఉంటానేమో. ఏడేళ్ళలో షెడ్డు వెనక్కి నేను ఎప్పుడూ రాలేదు. ఆ మొక్క పేరేమిటో నాకు తెలియదు. ఆమెను అడగడానికి లేదు.

కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ వాసనకు చలి తెలియలేదు. ఆమె గురించి నాకు తెలియనివి ఇంకా ఉన్నాయని, వాటిలో కొన్ని పూస్తున్నాయని అనిపించింది. ఐదు వారాల్లో మొదటిసారి మర్నాటి గురించి ఆలోచించాను.

ఈ పువ్వు పేరు ఆంటీ వేళ్ళకు తెలిసే ఉంటుంది. ఆదివారం పదకొండింటికి ఆవిడ చేతిలో పెట్టి అడుగుతాను. అందుకు రేపు పొద్దున, గోడ మీదికి ఎండ వచ్చాక, షెడ్డు వెనక్కి వెళ్ళి మూడు కొమ్మలు కోస్తాను.